కొత్త కంప్యూటరుకు ఫైళ్ల మార్పిడి

మీరు రాసిన ఉత్తరాలు, లెక్కలు ఫైళ్లు. వాటిని తెరిచే సాధనాలు ప్రోగ్రాములు. ఫైళ్లను పెన్‌డ్రైవుతో కొత్త కంప్యూటరులోకి కాపీ చేయవచ్చు. ప్రోగ్రాములు అలా కాదు. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వాటి వివరాలు కొన్ని రిజిస్ట్రీ అనే పట్టికలో నమోదవుతాయి. అందువల్ల ఫోల్డరు ఒక్కటే కాపీ చేస్తే చాలా ప్రోగ్రాములు పనిచేయవు. వాటిని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

తెలుగు ఫైళ్లకు మరో జాగ్రత్త అవసరం. అను ఫాంట్లతో టైపు చేసిన పాత ఫైలులో నిజానికి ఉండేవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. ఫాంటు వాటిని తెలుగుగా చూపుతుంది. కాబట్టి ఆ ఫాంటును కూడా కొత్త కంప్యూటరులో ఇన్‌స్టాల్ చేయాలి. లేకుంటే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. 1991లో వెలువడిన యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్నాయి. అందులో టైపు చేసిన ఫైలుకు ఈ చిక్కు ఉండదు.

గమనిక: ఫైళ్లను కొత్త కంప్యూటరులో తెరిచి చూశాకే పాతవాటిని తొలగించండి.