క్వింటాల్‌కు 95 గ్రాముల తేడా: డబ్ల్యూ బోసాన్ అసలు బరువెంత?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో క్వింటాల్ మిర్చికి 95 గ్రాములు అటూ ఇటూ అయితే గొడవపడేవాళ్లు తక్కువే. కానీ ఇదే నిష్పత్తిలో వచ్చిన ఓ తేడా 2022 ఏప్రిల్‌లో భౌతిక శాస్త్రవేత్తలను కుదిపేసింది. అప్పుడు వాళ్లు తూచింది డబ్ల్యూ బోసాన్ అనే మూలకణాన్ని.

సూర్యుడిలో హైడ్రోజన్ హీలియంగా మారడానికి మొదటి మెట్టు ఈ కణం వల్లే సాధ్యం. దీని గురించి ముందే చెప్పిన సిద్ధాంతానికి అబ్దుస్ సలాం, షెల్డన్ గ్లాషో, స్టీవెన్ వైన్‌బర్గ్‌లకు 1979లో నోబెల్ వచ్చింది. 1983లో జెనీవా దగ్గరున్న సెర్న్‌లో ఆ కణం దొరికింది.

ఎలా తూస్తారు?

డబ్ల్యూ బోసాన్ పుట్టీ పుట్టగానే విరిగిపోతుంది. కాబట్టి నేరుగా తూచే వీల్లేదు. కణాలను మహావేగంతో ఢీకొట్టించినప్పుడు పుట్టే డబ్ల్యూ, ఒక్కోసారి మ్యూయాన్, న్యూట్రినోలుగా విడిపోతుంది. న్యూట్రినో పరికరాలకు చిక్కదు. మ్యూయాన్ ఎలక్ట్రాన్ లాంటిదే, కాకపోతే 200 రెట్లకు పైగా బరువు. అది అయస్కాంత క్షేత్రంలో వంగుతూ పోతుంది. ఎంత తక్కువ వంగితే అంత జోరు ఉన్నట్టు. ఒక్క మ్యూయాన్‌తో ఏమీ తేలదు. లక్షల, కోట్ల మ్యూయాన్ల జోరును గ్రాఫ్ గీసి, దాని ఆకారాన్ని బట్టి డబ్ల్యూ బరువు రాబడతారు. అంతకన్నా ముందు, బరువు తెలిసిన జే-సై కణాలతో పరికరాన్ని సరిచూసుకుంటారు. తూకపు రాళ్లతో కాంటాను సరిచూసుకున్నట్టే.

తేడా ఎక్కడ వచ్చింది?

సిద్ధాంతం లెక్కలో డబ్ల్యూ బరువు సుమారు 80,357 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌కు చెందిన సీడీఎఫ్ బృందం 2022లో 80,433.5 అని ప్రకటించింది. పొరపాటుకు అవకాశం అటూ ఇటూ 9.4 మాత్రమే. అంటే క్వింటాల్‌కు 12 గ్రాములు మాత్రమే తప్పొచ్చన్న కాంటా, ఏకంగా 95 గ్రాములు ఎక్కువ చూపించింది! అదే నిజమైతే, ఇంతవరకు మనకు తెలియని కణమో, బలమో ఏదో ఉండాలి.

2024 సెప్టెంబర్‌లో సెర్న్‌లోని సీఎంఎస్ బృందం 10 కోట్లకు పైగా డబ్ల్యూ బోసాన్లను పరిశీలించి 80,360.2 అని తేల్చింది. పొరపాటుకు అవకాశం 9.9. ఇది సిద్ధాంతంతో సరిపోయింది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ సహా పలు భారతీయ సంస్థలు సీఎంఎస్‌లో ఉన్నాయి.

రెండు కాంటాలూ దాదాపు సమానంగా ఖచ్చితమైనవే. అయినా రెండు లెక్కలూ ఒప్పే కావడం దాదాపు అసాధ్యం. ఎక్కడో కంటికి కనపడని తప్పు దాగుంది, దాన్ని పట్టుకోవాల్సిందే. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో వెర్నియర్ కాలిపర్స్ పట్టుకునే పిల్లలు గుర్తుంచుకోవాల్సిందీ ఇదే: కొలత ఎంత వచ్చిందో చెబితే సరిపోదు, అది ఎంతవరకు తప్పొచ్చో కూడా చెప్పాలి.