రాకాసి గుళ్లు: పొలాల్లో మిగిలిన మూడువేల ఏళ్లు

తెలుగు నేల మీద పత్తిచేల గట్ల వెంట, చెరువుల పక్కన, గుట్టల వాలుల్లో వలయాకారంలో పేర్చిన బండరాళ్లు కనిపిస్తాయి. జనం వీటిని రాకాసి గుళ్లంటారు, కొన్నిచోట్ల పాండవుల గుళ్లంటారు. పురావస్తు శాస్త్రం ప్రకారం ఇవి బృహత్ శిలాయుగపు కట్టడాలు. వీటిలో అత్యధికం సమాధులు. దక్షిణాదిలో ఇనుము వాడకం వ్యాపించిన కాలంలో, సుమారు క్రీ.పూ. 1200 నుంచి దాదాపు వెయ్యేళ్లపాటు, ఇక్కడి రైతులు, పశుపాలకులు వీటిని కట్టారు. రాతపూర్వకంగా వాళ్లు మిగిల్చింది లేదు. వాళ్ల బతుకు గురించి, చావు పట్ల వాళ్లకున్న శ్రద్ధ గురించి చెప్పేవి ఈ రాళ్లే.

నాలుగు రూపాలు

ఎక్కువగా కనిపించేది రాతి వలయం. పెద్ద గుండ్లను గుండ్రంగా పేర్చి, మధ్యలో మట్టి, గులకరాళ్లు కుప్పగా పోస్తారు. ఆ కుప్ప కింద గొయ్యి గానీ, రాతిపలకలతో కట్టిన గూడు గానీ ఉంటుంది. గూడు భూమిలో ఉంటే సిస్ట్, నేల మీద పైకి కనిపిస్తే డోల్మెన్. నాలుగోది నిలువురాయి, అంటే మెన్‌హిర్. ఒకే రాతిని నేలలో పాతి నిలబెడతారు. చాలాచోట్ల ఇవి గుంపులుగా ఉంటాయి. ఒక వలయం కనిపించిందంటే చుట్టుపక్కల మరికొన్ని ఉండే అవకాశం ఎక్కువ.

గూడు లోపల

రాతిగూడు నిర్మాణంలో ఎంతో నేర్పు ఉంది. నాలుగు పలకలను నిలబెట్టేటప్పుడు ఒక్కో పలక అంచు పక్క పలకను దాటి కాస్త ముందుకు వచ్చేలా, పైనుంచి చూస్తే స్వస్తిక్ ఆకారంలో అమరుస్తారు. బయటి మట్టి ఎంత నెట్టినా పలకలు ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. సున్నం, అతుకు ఏమీ అక్కర్లేదు. చాలా గూళ్లలో ఒక పలకకు గుండ్రటి రంధ్రం తొలిచి ఉంటుంది. తరచుగా అది తూర్పు వైపు ఉంటుంది. అన్నిటికంటే కష్టమైన పని మూతబండ ఎక్కించడం. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో జరిగిన తవ్వకాల్లో 40 టన్నులకు పైబడిన మూతబండను లేపడానికి క్రేన్ తెప్పించాల్సి వచ్చింది. ఆనాటి వాళ్లు అదే బండను మనుషుల బలంతో, బహుశా మట్టివాలు, దుంగలు, మోకుల సాయంతో పైకి చేర్చారు. ఒక్క కుటుంబం వల్ల అయ్యే పని కాదు. ఊళ్లకు ఊళ్లు కలిస్తేనే అది సాధ్యం.

లోపల చాలాసార్లు పూర్తి అస్థిపంజరాలు దొరకవు. శవాన్ని ముందు ఆరుబయట ఉంచి, తర్వాత ఏరిన ఎముకలను ఇక్కడ పెట్టే ఆచారం ఉండేది. ఎముకల పక్కన కుండలు, ఇనుప కత్తులు, కొడవళ్లు, గొడ్డళ్లు, పూసలు కనిపిస్తాయి. కుండల్లో ఒక రకం ప్రత్యేకమైనది: లోపలంతా, పైఅంచు నలుపు; బయట కింది భాగం ఎరుపు. కుండను బోర్లించి కాలిస్తే గాలి తగలని భాగం నల్లబడి, గాలి తగిలిన భాగం ఎర్రబడుతుంది. ఈ నలుపు-ఎరుపు పెంకులే ఈ కాలాన్ని గుర్తించడానికి ప్రధానమైన ఆధారం.

ముడుమాల్ నిలువురాళ్లు

తెలంగాణలో చూసి తీరాల్సిన చోటు ముడుమాల్. నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలో, కృష్ణా నది ఒడ్డున ఉంది. 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న రాళ్లు ఇక్కడ పదుల సంఖ్యలో నిలబడి ఉన్నాయి. వాటి నడుమ చిన్నరాళ్ల వరుసలు చాలాదూరం సాగుతాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె.పి. రావు ఈ చోటును ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. కొన్ని వరుసలు సూర్యుడి ఉదయాస్తమయాల దిశలను అనుసరిస్తాయని, అంటే ఇవి రుతువులను లెక్కించడానికి పనికొచ్చాయని ఆయన ప్రతిపాదన. అక్కడే ఒక రాతి మీద తొలిచిన చిన్న గుంతల్లో కొన్ని సప్తర్షి మండలాన్ని సూచిస్తాయని కూడా ఆయన గుర్తించారు. ఇక్కడి ఒక నిలువురాయిని స్థానికులు ఎల్లమ్మగా కొలుస్తారు. 2025లో ముడుమాల్ యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది.

గోదావరి అడవుల్లో

ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల తీరు వేరు. అక్కడ ఇసుకరాయి దొరుకుతుంది. పలకలుగా తేలిగ్గా చీలుతుంది కాబట్టి దామరవాయి, జానంపేట, దొంగతోగు ప్రాంతాల్లో గూళ్లు చక్కగా నేల మీద నిలిచి కనిపిస్తాయి. కొన్నిటి లోపల ఒకే రాయిని తొలిచిన శవపేటిక, పశువుల నీళ్లతొట్టిలా ఉంటుంది. సమాధుల పక్కన మనిషి ఆకారపు రాతి విగ్రహాలు నిలబెట్టడం ఈ ప్రాంతపు విశేషం. వాటిలో స్త్రీ రూపాలూ ఉన్నాయి.

అధ్యయనం మొదలైన తీరు

నేటి కర్ణాటకలోని సురపురం ప్రాంతంలో బ్రిటిష్ అధికారి మెడోస్ టేలర్ 1850ల్లో ఈ సమాధులను తవ్వించి, పటాలు గీసి, యూరప్‌లోని వాటితో పోల్చాడు. చిత్తూరు ప్రాంతపు పాండవుల గుళ్ల మీద బ్రిటిష్ సైనికాధికారి న్యూబోల్డ్ రాసిన వ్యాసం 1852లో అచ్చయింది. 1947లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరిలో నివాసాలను, సమాధులను కలిపి పొరలవారీగా తవ్వడంతో కాలనిర్ణయానికి గట్టి పునాది పడింది. వీలర్ అనుకున్నదానికంటే ఇవి చాలా పాతవని తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

కరిగిపోతున్న వలయాలు

వీటికి ముప్పు మూడు వైపుల నుంచి వస్తోంది. పొలం చదును చేసే జేసీబీ ఒక్క పూటలో వలయాన్ని చెరిపేస్తుంది. క్వారీలకు ఈ పలకలు సిద్ధంగా ఉన్న రాయి. గుప్తనిధుల ఆశతో తవ్వేవాళ్లు ఎముకలను, కుండలను ముక్కలు చేసిపోతారు. వాళ్లు వెతికే ధనం అక్కడ ఉండదు. జాతీయ రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణాలను చట్టం నిషేధిస్తుంది. కానీ ఎక్కువ సమాధులు ఏ రక్షిత జాబితాలోనూ లేని పట్టా భూముల్లో, బంజర్లలో ఉన్నాయి. వాటికి ఉన్న కాపలా ఊరివాళ్ల భయభక్తులు, రైతు మంచితనమే. ఈ సంగతి తెలిసిన ప్రతి సందర్శకుడి మీదా కొంత బాధ్యత ఉంటుంది.

చూడబోయేవారికి

కార్తీకం నుంచి మాఘం వరకు మంచి కాలం. వానాకాలంలో ముళ్లపొదలు రాళ్లను కప్పేస్తాయి, రేగడి నేల నడవనివ్వదు. ఏటవాలు వెలుగులోనే రాతి మీది గుంతలు స్పష్టంగా తెలుస్తాయి కాబట్టి పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ వెళ్లాలి. చేలోకి దిగేముందు రైతును అడగాలి. దారి, స్థానిక కథలు చెప్పేది కూడా ఆయనే. మూతబండల మీదికి ఎక్కకూడదు. గుంతల్లో సుద్ద, రంగు పూయకూడదు. కుండపెంకు కాలికి తగిలినా ఫొటో తీసి అక్కడే వదలాలి; చోటు మారితే దాని విలువ పోతుంది. కొత్త తవ్వకం ఆనవాళ్లు కనిపిస్తే పురావస్తు శాఖకో, తహసీల్దారు కార్యాలయానికో చెప్పాలి. పల్లెలకు వెళ్లడం కుదరనివారు నాగార్జునకొండ ద్వీపంలో, జలాశయం ముంచకముందే తరలించి పునర్నిర్మించిన కట్టడాల మధ్య ఇలాంటి సమాధిని చూడొచ్చు.