ఆజ్ఞ లేని నిషేధము

రచయితను చెరసాలకు పంపుట, పత్రికను మూయించుట అధికారమునకు తెలిసిన పాత పద్ధతులు. వీనికంటె సులువైన మార్గము వేరొకటి కలదు. మాట పలికినవానిని విడిచి, దానిని లోకమునకు చేరవేయువానిని బెదరించుటయే ఆ మార్గము.

అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రమున 1956లో యువజనులయందు నీతిని పెంపొందించుటకని ఒక సంఘము ఏర్పడెను. పుస్తకములను నిషేధించు అధికారము దానికి లేదు. అది టోకు వర్తకునకు లేఖలు వ్రాయుచుండెను. ఫలానా పుస్తకములు పిన్నవయస్కులకు తగవని తెలిపి, సహకారమునకు ముందుగనే కృతజ్ఞతలు చెప్పి, అభియోగమునకు సిఫారసు చేయు బాధ్యత తనకున్నదని జ్ఞాపకము చేయుచుండెను. పిమ్మట పోలీసు ఉద్యోగి వచ్చి, ఏ చర్య తీసికొంటివని విచారించెడివాడు. వర్తకుడు ఆ పుస్తకములను అంగళ్లనుండి వెనుకకు తెప్పించెను. కోర్టుకు వెళ్లినది అతడు కాదు, ప్రచురణకర్తలు. ఈ పద్ధతి రాజ్యాంగవిరుద్ధమని 1963లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

వర్తకుడేల ఎదిరింపలేదు? కొన్ని పుస్తకములు పోయినచో అతనికి నష్టము స్వల్పము; ప్రభుత్వముతో పోరాడినచో అధికము. నేటి సామాజిక మాధ్యమ సంస్థల స్థితియు ఇట్టిదే. కోట్ల మాటలలో ఒకటి తొలగించుట వానికి లెక్కలోనిది కాదు.

కరోనా కాలమున అమెరికా ప్రభుత్వాధికారులు తమపై పలుమార్లు ఒత్తిడి తెచ్చిరని ఫేస్‌బుక్ మాతృసంస్థ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ 2024 ఆగస్టులో ఒక లేఖలో తెలిపెను. తొలగించుట మాత్రము తమ నిర్ణయమేయని అందులోనే అంగీకరించెను. అంతకు రెండు నెలల ముందే, ఇట్టి ఒత్తిడిపై వచ్చిన వ్యాజ్యములో వాదులకు అర్హత లేదని అక్కడి సుప్రీంకోర్టు తేల్చెను. తమకు కలిగిన నష్టమునకు ప్రభుత్వమే కారణమని వారు తగినంతగా చూపలేకపోయిరి. చాటుమాటు ఒత్తిడికి సాక్ష్యము దొరకుట అంత దుర్లభము.

మన దేశమున 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఐటీ చట్టములోని 66ఎ సెక్షనును కొట్టివేసెను. ఆ ధర్మాసనమునందలి ఇద్దరిలో ఒకరు కృష్ణా జిల్లావాసి జస్టిస్ జాస్తి చలమేశ్వర్. సమాచారమును నిలిపివేయించు 69ఎ సెక్షను మాత్రము నిలిచినది. ప్రభుత్వము కారణములను వ్రాసి ఉంచవలెను గనుక వానిని కోర్టులో ప్రశ్నింపవచ్చునని ధర్మాసనము తలచెను. కాని 2009 నాటి నిబంధనలలో 16వది ఈ చర్యలను రహస్యముగ నుంచవలెనని విధించినది. కంటబడని కారణమును ప్రశ్నించుట ఎట్లు?

విషప్రచారమును ఆపవలదని ఎవరును అనరు. వాట్సాప్ పుకార్లను నమ్మి 2018లో అమాయకులను కొట్టి చంపిన దేశము మనది. అయితే ఆపినవారెవరో, ఏ చట్టముక్రింద ఆపిరో పలికినవానికి తెలియవలెను. రాజ్యాంగము 19వ అధికరణమును బోధించు ఉపాధ్యాయులు అందలి రెండవ ఖండమును కూడ విద్యార్థులచేత చదివింపవలెను. వాక్స్వాతంత్ర్యమునకు పరిమితులు చట్టముచేతనే, అదియు సమంజసముగనే, విధింపవలెనని అందున్నది. చెవిలో ఊదిన మాట చట్టము కానేరదు.