ఇంట కట్టిన కారుకు మైళ్ళ లెక్క

బండి చక్రమే దారిని కొలవగలదన్న ఊహ చాలా పాతది. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దమున విట్రూవియస్ అనే రోమను వాస్తుశాస్త్రజ్ఞుడు తన గ్రంథపు పదవ భాగంలో అటువంటి యంత్రాన్ని వర్ణించాడు. చక్రం ఒక చుట్టు తిరిగితే బండి పన్నెండున్నర అడుగులు నడుస్తుంది. చక్రనాభికి అమర్చిన పన్ను చుట్టుకొకమారు 400 పళ్ళుగల మరొక చక్రాన్ని ఒక్క పన్ను మేర జరుపుతుంది. ఆ చక్రం పూర్తిగా తిరిగేసరికి 5,000 అడుగులు, అనగా ఒక రోమను మైలు, గడిచినట్టు. అప్పుడొక గులకరాయి రంధ్రం గుండా జారి క్రింది కంచుపాత్రలో ఖంగుమని పడుతుంది. సాయంకాలం రాళ్ళను లెక్కపెట్టుకుంటే ఆనాటి ప్రయాణమెంతో తేలుతుంది. పాత్ర బోర్లిస్తే మరునాటికి లెక్క మళ్ళీ మొదలు.

ఇట్లా పాత్ర బోర్లించడం మోసమని ఎవరికీ తోచదు. రాళ్ళు చెప్పేది ప్రయాణపు పొడవునే గాని బండి వయస్సును కాదు. మోటారు కారు వచ్చి, వాడిన కార్లను కొనేవారూ అమ్మేవారూ పెరిగిన తరువాత ఈ లెక్కకు రెండవ అర్థం పట్టినది. ఎంత నడిచినదో చూసి ఎంత అరిగినదో ఊహించడం, ఆ ఊహకు వెల కట్టడం అలవాటైనది. కొలబద్ద కాస్తా సాక్షి అయినది.

ఈ సాక్షిని ఇంగ్లీషువారు ఓడోమీటరు అంటారు. ఇందులోని ‘ఓడ’ మన ఓడ కాదని విద్యార్థులకు చెప్పవలసి ఉంటుంది. గ్రీకు భాషలో ‘హొదొస్’ అనగా దారి. ‘మెత్రోన్’ అనగా కొలత. తెలుగున దూరమాపకమన్నా చెల్లును, మైళ్ళ మీటరన్నా చెల్లును.

సాక్షి నోట అబద్ధం పలికించడానికి మనుష్యులు ఆలస్యం చేయలేదు. అమెరికాలో 1972లో ప్రత్యేక శాసనం చేసి అంకెలు వెనుకకు త్రిప్పడాన్ని నిషేధించారు. అయినా తప్పుడు అంకెలతో అక్కడ ఏటా 4,50,000కు పైగా వాహనాలు అమ్ముడవుతున్నవని అక్కడి రహదారి భద్రతా సంస్థ అంచనా వేసినది. జర్మనీ 2005లో దీనిని శిక్షార్హమైన నేరం చేసినది. బ్రిటనులో త్రిప్పడమే నేరం కాదు; త్రిప్పిన సంగతి దాచి అమ్మడం నేరం. ఈ మూడింటిలో బ్రిటను వారి విచక్షణ ఆలోచింపదగినది. ఏలనగా, అంకెను సున్న చేయడమే న్యాయమనిపించే కారు ఒకటి ఆ దేశంలోనే ఎక్కువగా పుట్టినది. అదే ఇంట కట్టిన కారు.

కాలిన్ చాప్‌మన్ నెలకొల్పిన లోటస్ కంపెనీ 1957లో ‘సెవెన్’ అనే చిన్న కారును విడి భాగాలుగా కూడ అమ్మసాగినది. పూర్తిగా తయారైన కారుమీద ఆనాడు కొనుగోలు పన్ను ఉండేది. విడి భాగాలకు ఆ పన్ను లేదు. అయితే భాగాలతోపాటు బిగించే విధానం వ్రాసి ఇస్తే ఆ మినహాయింపు పోతుందట. అందుచేత కంపెనీవారు కారును విప్పే విధానం వ్రాసి ఇచ్చేవారనీ, కొన్నవారు దానిని చివరినుండి మొదటికి చదువుకొని బిగించుకునేవారనీ ఒక ముచ్చట చెబుతారు. 1973లో పన్నుల పద్ధతి మారి ఆ లాభం పోయినది గాని, కారును తన చేతులతో కట్టుకోవాలన్న కోరిక పోలేదు. కేవలం 250 పౌండ్లతో ఆటకారు కట్టుకొనే విధానం బోధిస్తూ రాన్ చాంపియన్ 1996లో ప్రకటించిన పుస్తకం ఎందరినో ఈ పనికి పురికొల్పినది. ఆ పుస్తకం చెప్పిన మార్గం ఇది: పాత ఫోర్డ్ ఎస్కార్ట్ ఒకటి చవుకగా కొని, దాని ఇంజను, గేరుపెట్టె, ఇరుసు తీసుకొని, తాను స్వయంగా అతికిన ఇనుప చట్రంలో అమర్చుకోవాలి.

పాత కారునుండి మైళ్ళ మీటరు కూడ వస్తుంది. దానిమీద, మాటకు, 87,412 అని ఉన్నదనుకుందాం. క్రొత్త చట్రం ఇంకా ఇంటి వాకిలి దాటలేదు. ఈ అంకెను ఉంచాలా, చెరపాలా?

ప్లూటార్కు చెప్పిన థీసియస్ ఓడ కథ ఇక్కడ గుర్తుకు వస్తుంది. ఏథెన్సువారు ఆ వీరుని ఓడను భద్రపరుస్తూ, పుచ్చిన పలకను తీసి క్రొత్త పలకను వేస్తూ పోయారు. అది ఆ ఓడయేనా అని తత్త్వవేత్తలు తగవులాడుకున్నారు. అక్కడ పేరు పాతది, పలకలు క్రొత్తవి. ఇంట కట్టిన కారులో పేరు క్రొత్తది, పలకలు పాతవి. తత్త్వవేత్తలు తేల్చని దానిని బ్రిటను రిజిస్ట్రేషను గుమాస్తాలు అంకెలతో తేల్చారు. బాగా మార్చిన కారు తన పాత నంబరు నిలుపుకోవాలంటే 8 పాయింట్లు కావాలని చాలా ఏళ్ళు లెక్క కట్టేవారు. చట్రానికి 5, స్ప్రింగుల అమరికకు, ఇరుసులకు, గేరుపెట్టెకు, స్టీరింగుకు రెండేసి, ఇంజనుకు మాత్రం ఒకటే. కారుకు గుండె ఇంజనని లోకమంటుంది గాని, కాగితం దృష్టిలో దాని ఆత్మ చట్రంలోనే ఉన్నది.

ఈ లెక్కన సున్న పెట్టడం సమంజసమే. ఆ చట్రం ఒక్క మైలైనా నడవలేదు. కాని ఇంజనులోని ముషలకాలకు ఈ తీర్పు తెలియదు. చాలా ఇంజనులలో కవాటాలను నడిపే రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. దానిని నిర్ణీతమైన మైళ్ళకు మార్చి తీరాలి. మార్చక అది తెగితే, అనేక ఇంజనులలో ముషలకాలు కవాటాలను ఢీకొని క్షణంలో సర్వనాశనమవుతుంది. మీటరు 3,000 చూపితే, రెండవమారు కొన్న అమాయకుడు ఆ పట్టీ సంగతే తలపెట్టడు. సున్న పెట్టినవాడు అబద్ధమాడలేదు. ఒక నిజం చెప్పి మరొకటి చెప్పకుండా వదిలాడు, అంతే. ఫలితంలో మాత్రం భేదం లేదు.

ఇటువంటి చిక్కుకు అమెరికా శాసనం దారి చూపినది. మీటరును బాగుచేసినప్పుడో మార్చినప్పుడో పాత అంకె నిలపడం సాధ్యం కాకపోతే సున్న పెట్టవలసిందే. కాని, మునుపటి అంకెను, మార్చిన తేదీని ఒక చీటీమీద వ్రాసి ఎడమ తలుపు చట్రానికి అంటించాలి. అమ్మకపు పత్రంలో ‘ఇది అసలైన దూరం కాదు’ అని ఒప్పుకోవడానికి కూడ చోటున్నది. ఇంట కట్టిన కారుకు ఇదే మేలైన పద్ధతి: మీటరుమీద చట్రపు మైళ్ళు, ప్రక్కన ఒక పుస్తకంలో ఇంజను, గేరుపెట్టె, ఇరుసు ఎక్కడినుండి, ఎన్ని మైళ్ళకు వచ్చినవో, ఏది ఎప్పుడు విప్పి బాగుచేశారో.

సున్న పెట్టడం పాత తరహా మీటరులో కష్టమేమీ కాదు. అద్దం తీసి, అంకెల చక్రాలున్న కడ్డీని బయటికి లాగి, అన్నిటినీ సున్నకు త్రిప్పి యథాస్థానంలో ఉంచడమే. ఐదంకెల మీటరైతే 99,999 దాటగానే ఎవరూ ముట్టకుండానే తనంతట తాను పసిబిడ్డ అవుతుంది.

అసలు చిక్కు తరువాత ఉన్నది. ఇరుసు ఒక కారుది, టైర్లు మరొక కొలతవి అయినప్పుడు సున్ననుండి లెక్క సరిగా సాగుతుందన్న నమ్మకమేమి? టైరు వ్యాసం నూటికి 5 వంతులు పెరిగితే, 1,050 మైళ్ళు నడిచిన కారు 1,000 అనే చెబుతుంది. బ్రిటనులో స్మిత్స్ కంపెనీ చేసిన పాత మీటర్లలో చాలావాటి ముఖంమీద సన్నని అక్షరాలతో మరొక సంఖ్య ఉంటుంది. గేరుపెట్టెనుండి వచ్చే తీగ మైలుకు ఎన్ని చుట్లు తిరగాలో అది చెబుతుంది. కట్టినవారు 52.8 అడుగులు, అనగా మైలులో నూరవ వంతు, నేలమీద సుద్దతో గీతలు గీసి, గేరు వేయకుండా కారును మెల్లగా నెడతారు. ఒకరు నెడుతుంటే మరొకరు తీగ చివర తిరిగే చుట్లను లెక్కపెడతారు. దానిని నూటితో హెచ్చిస్తే మైలుకు ఎన్ని చుట్లో వస్తుంది. అది మీటరు ముఖంమీది సంఖ్యతో సరిపడకపోతే, తీగ నడుమ చిన్న పళ్ళపెట్టె బిగించి సరిచేసుకుంటారు.