వేసవి గాలివానలు, పెరటి కూరగాయలు: హోసూరు, కృష్ణగిరి తోటల కథ

పెరట్లోనో, మిద్దె మీదో పెంచే కూరగాయలను వేసవిలో ఎక్కువగా దెబ్బ తీసేది ఎండ తీవ్రత కన్నా వాతావరణంలో వచ్చే ఊగిసలాట. నెలంతా ఒకే తీరుగా ఎండ కాస్తే మొక్క కొంతవరకు సర్దుకుంటుంది. పది రోజులు మాడ్చి, ఒక సాయంత్రం వడగళ్ళు కురిసి, మళ్ళీ వారం రోజులు చినుకు లేకపోతే సర్దుకోవడానికి వ్యవధి దొరకదు. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్ర సరిహద్దులు కలిసేచోట ఉన్న కృష్ణగిరి జిల్లాలో ఈ ఊగిసలాట ప్రతి వేసవిలోనూ కనిపిస్తుంది. తెలుగువారు తరతరాలుగా సేద్యం చేస్తున్న హోసూరు, తళి, బాగలూరు, వేపనపల్లి ప్రాంతాలు ఈ జిల్లాలోవే.

హోసూరు సముద్రమట్టానికి సుమారు 880 మీటర్ల ఎత్తున, మైసూరు పీఠభూమి అంచున ఉంది. కృష్ణగిరి పట్టణం దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. జాతీయ రహదారి మీద రెండింటి మధ్య దూరం 50 కిలోమీటర్లే. పైకి పోయేకొద్దీ వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. ఆ లెక్కన రెండు ఊళ్ళకూ రెండు, రెండున్నర డిగ్రీల తేడా ఉండాలి. వినడానికి ఇది చిన్న తేడాయే. కానీ టమోటా పూత నిలవడానికీ రాలిపోవడానికీ మధ్య ఉన్న హద్దు కూడా అంతే. హోసూరు చుట్టూ బీన్సు, క్యాబేజీ, బీట్‌రూటు పండడానికీ, దిగువన కృష్ణగిరి తోతాపురి మామిడికి పేరు పొందడానికీ ఈ ఎత్తు తేడా ఒక ముఖ్య కారణం. హోసూరులో కాసిన తీగ బీన్సు చూసి కృష్ణగిరిలో ఏప్రిల్‌లో గింజ నాటినవారికి ఆకు దక్కుతుంది గాని కాయ దక్కడం కష్టం.

పంచాంగం ప్రకారం అగ్నినక్షత్రం అనే మండుటెండల కాలం మే మొదటి వారంలో మొదలై నెలాఖరు దాకా ఉంటుంది. అందుకే మే నెలే అన్నిటికన్నా వేడి అని అందరూ అనుకుంటారు. పీఠభూమి మీద లెక్క కొంచెం వేరు. హోసూరుకు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరులో సగటున ఎక్కువ వేడి ఏప్రిల్‌లో నమోదవుతుంది, మేలో వంద మిల్లీమీటర్లకు పైగా వాన పడి గాలి చల్లబడుతుంది. మార్చి నుంచి నేల వేడెక్కుతుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి, పడమటి నుంచి వచ్చే పొడిగాలి ద్వీపకల్పం నడిమిన కలుసుకుంటాయి. మధ్యాహ్నపు వేడికి ఆ తేమ పైకి లేచి మబ్బుగా ఎదుగుతుంది, సాయంత్రానికి ఉరుములతో కురుస్తుంది. మామిడి జల్లులనేవి ఇవే. ఒక్కో ఉరుము మబ్బు విస్తీర్ణం కొన్ని కిలోమీటర్లే కాబట్టి ఒక ఊరు తడిసి ముద్దయితే పక్క ఊరు పొడిగా మిగిలిపోతుంది. మబ్బు లోపలి గాలి మరీ ఉద్ధృతంగా పైకి తోసినప్పుడు నీటిబొట్లు గడ్డకట్టి వడగళ్ళవుతాయి.

ఏ ఏడాది ఏం జరుగుతుందో చెప్పలేమనడానికి 2024 మంచి ఉదాహరణ. ఆ ఏప్రిల్ 28న బెంగళూరులో ఉష్ణోగ్రత 38.5 డిగ్రీలకు చేరింది. నగరంలో ఆ నెలంతా లెక్కకు వచ్చే వానే లేదు. జూన్ 2న ఒక్క రోజులో 111 మిల్లీమీటర్లు కురిసింది, జూన్‌లో ఒక రోజు వానకు అది నగరంలో కొత్త రికార్డు. మరుసటి ఏడు నైరుతి రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే మొదటిసారి. కాబట్టి మే నెలలో వేసే విత్తనాన్ని ఎండ నుంచి కాపాడుకోవాలో, ముంపు నుంచి కాపాడుకోవాలో ఏ క్యాలెండరూ చెప్పలేదు.

వేడి ముందుగా దెబ్బ తీసేది పూతను. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 దిగువకు రాకపోతే టమోటా పుప్పొడి సత్తువ కోల్పోతుంది, పూలు కాడ దగ్గర ఊడి రాలతాయి. ఇక్కడ ఒక సంగతిని చాలామంది గమనించరు. పుప్పొడి తయారయ్యేది పువ్వు విచ్చిన రోజున కాదు, అంతకు వారం, పది రోజుల ముందు, పువ్వు ఇంకా చిన్న మొగ్గగా ఉన్నప్పుడు. ఆ దశలో వడగాడ్పు తగిలిన మొగ్గ తర్వాత మామూలుగానే విచ్చుకుంటుంది, పచ్చగానే కనిపిస్తుంది, కానీ దాని పుప్పొడి పనికిరాదు. ఈలోగా ఒక జల్లు పడి చల్లబడుతుంది. ఆ చల్లదనంలో పూలు రాలుతుంటే తోటవారు వాననో, ఎరువునో తప్పుపడతారు. పది రోజుల కిందటి ఎండ ఎవరికీ గుర్తుకు రాదు. పూత రాలిన మొక్కను పీకేయడం తొందరపాటు. చల్లబడ్డాక కట్టిన కొత్త మొగ్గలు మళ్ళీ పిందె పడతాయి.

కాయ పట్టాక కూడా వేడి ప్రభావం ఆగదు. టమోటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటిన కొద్దీ సరిగా తయారు కాదు. పసుపుపచ్చని కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. నిండు వేసవి కాయలు భుజాల దగ్గర పసుపుగా మిగిలిపోవడానికి కారణం ఇదే. బెండ ఇంతకన్నా గట్టిది, 42 డిగ్రీల దాకా పూతను నిలుపుకుంటుంది.

పందిరి తీగల కష్టం వేరు. దోస, సొర, బీర వంటి వాటిలో మగపూలు, ఆడపూలు విడివిడిగా పూస్తాయి. వేడి ఎక్కువై, పగలు పొడుగైన కొద్దీ మగపూల సంఖ్య పెరిగి ఆడపూలు తగ్గుతాయి. దానికి తోడు పూలు విచ్చే వేళ ఒకటి ఉంది. గుమ్మడి, దోస పూలు తెల్లవారుతూ విచ్చుకుంటాయి. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. వేసవి ఉరుముల వానలు వచ్చేది కూడా సాయంత్రమే. తడిసిన పుప్పొడి రేణువు నీరు పీల్చుకుని పగిలిపోతుంది, వానలో కీటకాలు తిరగవు. అందుకే ఒకే పెరట్లో, ఒకే మట్టిలో, ఒకే వారంలో గుమ్మడి నిండుగా పట్టి, సొర పిందెలు వరుసగా పండుబారి రాలిపోవచ్చు. తెగులు మందు చల్లినా దీనికి ఫలితం ఉండదు. మబ్బు పట్టిన మధ్యాహ్నం, ఆ సాయంత్రం విచ్చబోయే ఒక మగమొగ్గకు, పిందె ఉన్న ఒక ఆడమొగ్గకు చిన్న కాగితపు సంచులు తొడిగి, పైన తడవకుండా కవరు కప్పి, వాన వెలిశాక మగపువ్వు రేకులు తుంచి ఆడపువ్వు కీలాగ్రానికి సున్నితంగా అద్దితే కాయ నిలుస్తుంది. రోజూ రెండు మూడు పూలకు ఇలా చేసినా ఇంటికి చాలినన్ని సొరకాయలు వస్తాయి.

నీటి లెక్కలో జరిగే పొరపాటు ఇంతకన్నా పెద్దది. ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. వేసవిలో నిండుగా ఎదిగిన మడి నుంచి రోజుకు చదరపు మీటరుకు ఐదారు లీటర్లు ఆవిరైపోతాయి. పది మిల్లీమీటర్ల వాన, అంటే వీధి తడిసి నీరు పారే జల్లు, నేల మీది మడికి రెండు రోజుల నీరు. అదే వాన 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్రో బ్యాగులోకి ముప్పాతిక లీటరు కూడా ఇవ్వదు. ఆకులు విప్పుకున్న టమోటా మొక్క దాన్ని ఒక్క పూటలోనే తాగేయగలదు, పైగా ఆకులే గొడుగై ఆ నీటిలో కొంత బయటికి జారుస్తాయి. వాన పడిందని రెండు రోజులు నీళ్ళు మానేసిన మిద్దెతోటలో మొక్కలు మూడో రోజు వాడతాయి. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి తడి చూసుకోవడం ఇక్కడ అన్నిటికన్నా నమ్మదగిన కొలమానం.

ఎండడం, ఒక్కసారిగా నానడం అన్న క్రమం కాయలను రెండు విధాలుగా పాడు చేస్తుంది. కాయకు కావలసిన సున్నం నీటితోపాటే వేర్ల నుంచి పైకి వస్తుంది. నీరు తగ్గిన రోజుల్లో అందులో ఎక్కువ భాగం ఆకులకే పోతుంది, పూమొన వైపు కణాలు సున్నం అందక చచ్చి, కాయ అడుగున నల్లని మచ్చ పడుతుంది. మట్టిలో సున్నం లేదని గుడ్డు పెంకులు వేసినా నీరు సమంగా అందకపోతే అది కాయకు చేరదు. ఇక చాలా రోజులు ఎండిన తర్వాత గట్టి వాన పడితే కాయ లోపలి కండ చటుక్కున ఉబ్బుతుంది, ముదిరిన తొక్క సాగలేక పగులుతుంది. వాన వస్తుందని తెలిస్తే రంగు తిరిగిన కాయలను ముందే కోసి ఇంట్లో మాగబెట్టడం మేలు.

వానతో కుండీలకు ఒక ఉపకారం కూడా ఉంది. బోరు నీటిలోని లవణాలు కుండీ అంచున తెల్లగా పేరుకుంటాయి, గట్టి వాన వాటిని కడిగేస్తుంది. దాంతో పాటు నత్రజనిని కూడా కడిగేస్తుంది కాబట్టి ఆ తర్వాత గుప్పెడు వర్మీకంపోస్టు వేయాలి.

పురుగులు, తెగుళ్ళు కూడా ఈ ఊగిసలాటను అనుసరిస్తాయి. పొడి వేడిలో వంగ, బీన్సు ఆకుల అడుగున ఎర్రనల్లి, మిరపలో తామరపురుగు, అన్నిటి మీదా తెల్లదోమ పెరుగుతాయి. బెండకు పల్లాకు తెగులును, టమోటాకు ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమే. ఒక గట్టి వాన ఈ పురుగుల్లో చాలావాటిని కడిగేస్తుంది. అక్కడితో మరో బెడద మొదలవుతుంది. శిలీంధ్ర బీజాలు మొలకెత్తడానికి ఆకు కొన్ని గంటలపాటు తడిగా ఉండాలి. పొద్దున పడిన వాన మధ్యాహ్నానికి ఆరిపోతుంది. సాయంత్రం పడిన వాన రాత్రంతా ఆకు మీదే నిలుస్తుంది. టమోటా ఆకుల మీద వలయాల మచ్చలు, మడిలో నారుకుళ్ళు ఆ తర్వాత నాలుగైదు రోజుల్లో బయటపడతాయి. కింది ఆకులు తీసి గాలి ఆడనివ్వడం, వాన రోజుల్లో మొక్క మొదలు దగ్గరే పొద్దున నీరు పోయడం ఈ నష్టాన్ని చాలావరకు తగ్గిస్తాయి.

ఆకుకూరల సంగతి తేలిక. తోటకూర, గోంగూర వేడిని బాగా తట్టుకుంటాయి. కొత్తిమీర వేడికి త్వరగా పూతకొస్తుంది, దాన్ని నీడలోనే పెంచాలి.

మిద్దె మీద నల్ల సంచుల్లో మట్టి గాలికన్నా ఎక్కువ వేడెక్కుతుంది, వేర్లు నీరు పీల్చడం తగ్గిస్తాయి. సంచులను ఇటుకల మీద ఎత్తి పెట్టి, చుట్టూ తెల్లగుడ్డ చుట్టి, మట్టి మీద రాగి గడ్డి గాని ఎండుటాకులు గాని మూడు వేళ్ళ మందాన పరిస్తే వేడి, ఆవిరి రెండూ తగ్గుతాయి. వాన నీరు నిలవకుండా అడుగు రంధ్రాలను మార్చిలోనే చూసుకోవాలి. సగం ఎండను ఆపే షేడ్ నెట్‌ను మధ్యాహ్నం మాత్రమే లాగి, మిగతా వేళల్లో తెరిచి ఉంచాలి. గట్టి కొయ్యలకు కడితే అదే వల వడగళ్ళ దెబ్బను కూడా కొంత ఆపుతుంది. ఒకేసారి విత్తకుండా పదిహేను రోజులకొకసారి కొన్ని గింజలు వేస్తే ఒక గాలివాన పంటనంతా తీసుకుపోదు. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ టమోటా ఆకుముడత, బాక్టీరియా వడలు తెగులు, వలయాల మచ్చ తెగులు మూడింటినీ తట్టుకుంటుంది. అర్క అనామిక బెండ పల్లాకు తెగులును తట్టుకునేలా తయారైన రకం.

ఉరుముల వానను వారం ముందు ఊరి పేరుతో చెప్పడం ఇంకా ఎవరి వల్లా కాదు. వాతావరణ శాఖ జిల్లాలకు ఇచ్చే తక్షణ హెచ్చరిక మూడు గంటలకు మాత్రమే వర్తిస్తుంది. రైతుల కోసం వ్యవసాయ వాతావరణ సూచనలు మంగళ, శుక్రవారాల్లో వెలువడతాయి, మేఘదూత్ యాప్‌లో స్థానిక భాషలోనే చదువుకోవచ్చు. పెరట్లో నాలుగు మొక్కలు పెంచుకునేవారు కూడా ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట ఆ హెచ్చరికను ఒకసారి చూసుకోవాలి. వల లాగడానికి, పూలకు సంచులు తొడగడానికి, పండిన కాయలు కోయడానికి మూడు గంటలు చాలు.