‘బాజార్’: ఖుబూల్ అనే మాటకు ముందు జరిగిన బేరం

1982లో వచ్చిన ‘బాజార్’ను అందరూ ప్రేమకథ అనే అంటారు. అందులో సర్జూ (ఫారూఖ్ షేక్), షబ్నమ్ (సుప్రియా పాఠక్) అనే ఇద్దరు పేద పిల్లల ప్రేమ ఉన్న మాట నిజమే. కానీ రచయిత, దర్శకుడు సాగర్ సర్హదీ సినిమాకు ప్రేమ పేరు పెట్టలేదు, సంత పేరు పెట్టాడు. పైగా ఆ సంత జరిగేది మన హైదరాబాద్‌లోనే.

గల్ఫ్‌లో డబ్బు గడించిన షాకిర్ అనే నడివయసు మనిషికి పడుచు పెళ్లికూతురు కావాలి. అతని మీద ఆధారపడిన అఖ్తర్ ఆ పనిని నజ్మా (స్మితా పాటిల్) చేతిలో పెడతాడు. నజ్మాది నవాబీ దర్జా పోయి పూట గడవని ఇల్లు. ఆడపిల్ల ఉద్యోగం చేస్తే పరువు తక్కువ అనుకున్న ఇంట్లోవాళ్లే ఆమెను తప్పుదారిలోకి నెట్టారు. అక్కడి నుంచి పారిపోయిన మనిషే, అఖ్తర్ తనను నికాహ్ చేసుకుంటాడన్న ఆశతో, ఇంకో పిల్లకు బేరం కుదర్చడానికి వస్తుంది. తనకు తమ్ముడిలా దగ్గరైన సర్జూ మనసిచ్చింది ఆ పిల్లకే అని ఆమెకు తెలియదు.

సినిమా బలమంతా ఇక్కడే ఉంది. తప్పంతా గల్ఫ్ డబ్బు మీద తోసేయొచ్చు, అది తేలిక. సర్హదీ అలా చేయడు. అప్పులతో నలిగిన తల్లిదండ్రులు, మధ్యవర్తులు, చూస్తూ ఊరుకున్న చుట్టాలు, అందరి చేతులూ అందులో ఉంటాయి. కవి సలీం (నసీరుద్దీన్ షా) దాన్ని బేరమనే అంటాడు, కానీ ఆపలేడు.

నికాహ్‌లో వకీల్, ఇద్దరు గవాహ్‌లు అమ్మాయి దగ్గరికి వెళ్లి అడిగేది ఊరికే రివాజు కోసం కాదు. ఆమె రజామందీ లేనిదే నికాహ్ లేదు. మెహర్ కూడా పూర్తిగా ఆమెదే, అబ్బాకో దలాల్‌కో చెందే సొమ్ము కాదు. షబ్నమ్ విషయంలో తంతులన్నీ జరుగుతాయి, ఆమె ఇష్టం ఒక్కటే ఎవరికీ పట్టదు. పెళ్లయ్యాక ఆ పిల్ల ప్రాణం తీసుకుంటుంది. (కథ ముందే తెలిస్తే పాడయ్యే సినిమా కాదిది.) ఈ నేరంలో తనకూ భాగం ఉందని నజ్మా ఒప్పుకుని అఖ్తర్‌ను వదిలి వెళ్లిపోతుంది.

ఇదంతా కల్పన అనుకోవడానికి లేదు. సినిమా వచ్చిన తొమ్మిదేళ్లకు, 1991లో, హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పదేళ్లు దాటీ దాటని పిల్ల ఏడుస్తుంటే ఎయిర్ హోస్టెస్ ఆరా తీసింది. పక్కన కూర్చున్న అరవై ఏళ్ల సౌదీ మనిషి ఆమె భర్తనన్నాడు. దేశమంతా గగ్గోలైంది. ఆడపిల్ల పెళ్లికి 18 ఏళ్లు నిండాలన్న చట్టం 1978 నుంచే ఉంది, 2006లో బాల్య వివాహాల నిషేధ చట్టం ఇంకా గట్టిగా వచ్చింది. ఇలాంటి పెళ్లి జరుగుతోందని తెలిస్తే 1098 చైల్డ్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు.

ఇక ఖయ్యాం సంగీతం. మీర్ తఖీ మీర్ గజల్‌తో పాటు మన మఖ్దూం మొహియుద్దీన్ గజల్ కూడా ఇందులో ఉంది. దాన్ని లతా మంగేష్కర్‌తో కలిసి పాడింది హైదరాబాదీ తలత్ అజీజ్. ఈ పాటలు విడిగా విని మురిసిపోయే ఇళ్లు చాలానే ఉన్నాయి. పెళ్లికూతురి ముస్తాబులో ఉన్న షబ్నమ్‌ను చూస్తూ జగ్జీత్ కౌర్ గొంతు వింటే మాత్రం, ఆ పాట మళ్లీ మునుపటిలా వినిపించదు.