కారును కాపాడుకుంటూ గెలిచిన రేసర్

1954 జూన్ 13, ఆదివారం. ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో ముందు రోజు సాయంత్రం నాలుగింటికి మొదలైన రేసు ముగియడానికి ఇంకో గంటన్నర ఉంది. వాన కురుస్తూనే ఉంది. అందరికన్నా ముందున్న ఫెరారీ పెట్రోలు కోసం పిట్‌లోకి వచ్చి ఆగింది. మళ్లీ స్టార్ట్ చేయబోతే ఇంజిన్ ఉలకదు, పలకదు. తడికి ఇగ్నిషన్ మొరాయించింది. మెకానిక్‌లు బానెట్ తెరిచి తంటాలు పడుతుంటే, అవతల డంకన్ హామిల్టన్, టోనీ రోల్ట్‌ల జాగ్వార్ ల్యాపు ల్యాపుకూ దగ్గరవుతోంది. దాదాపు ఏడు నిమిషాలు గడిచాక ఇంజిన్ అందుకుంది. చివరికి ఫెరారీయే గెలిచింది, నాలుగు కిలోమీటర్ల తేడాతో. ఆ వేగాల్లో అది మూడు నిమిషాల ప్రయాణం కూడా కాదు.

లె మాన్స్ రేసు నియమం చాలా సులభం: 24 గంటల్లో ఎవరి కారు ఎక్కువ దూరం వెళ్తే వారిదే గెలుపు. అప్పట్లో ఒక్కో కారును ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడిపేవారు. పదమూడున్నర కిలోమీటర్ల ఆ ట్రాక్‌లో చాలా భాగం మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్డే. ఆ ఏడాది గెలిచిన కారును పంచుకున్న ఇద్దరిలో అర్జెంటీనా వీరుడు హోసే ఫ్రోయిలాన్ గొంజాలెజ్ పేరు అప్పటికే మోగుతోంది. రెండోవారు మోరిస్ త్రాంతిన్యాన్. సన్నని మీసం, నెమ్మదైన మనిషి. దక్షిణ ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటల యజమాని కొడుకు. మోటారు రేసుల చరిత్ర ఆయనకు తగినంత చోటు ఇవ్వలేదన్నది ఈ వ్యాస రచయిత గట్టి అభిప్రాయం.

ఆయన 1917 అక్టోబర్ 30న సెంట్ సెసిల్ లె వీన్య్ అనే ఊళ్లో పుట్టారు. ఇంట్లో రేసుల పిచ్చి ముందే ఉంది. అన్న లూయీ 1933లో ప్రాక్టీసు చేస్తూ ప్రమాదంలో చనిపోయారు. ఇలాంటి దెబ్బ తగిలిన ఇంట్లో ఇక రేసు అనే మాటే ఎత్తరు. మోరిస్ మాత్రం ఐదేళ్ల తర్వాత అన్న నడిపిన బుగాటీతోనే రేసుల్లోకి దిగారు. మరుసటి ఏడాది బెల్జియంలోని షిమేలో గెలిచారు కూడా. అంతలో యుద్ధం వచ్చింది. కారు ఓ కొట్టంలోకి చేరింది.

ఐరోపాలో యుద్ధం ముగిసిన నాలుగు నెలలకు, 1945 సెప్టెంబర్ 9న, పారిస్‌లోని బ్వా ద బులోన్య్ వనంలో మళ్లీ రేసులు పెట్టారు. కొట్టంలోంచి తీసిన బుగాటీతో త్రాంతిన్యాన్ వెళ్లారు. కారు కాసేపు పరుగెత్తి దగ్గుతూ ఆగిపోయింది. విప్పి చూస్తే, యుద్ధకాలమంతా ఎలుకలు పెట్రోలు ట్యాంకులో కాపురం పెట్టాయని తేలింది. వాటి పెంటికలు ఫిల్టరుకు అడ్డుపడి ఇంజిన్‌కు పెట్రోలు అందలేదు. తోటి డ్రైవర్లు పగలబడి నవ్వారు. ఆ పెంటికల పేరుతోనే ‘పెతూలే’ అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన చిన్నబుచ్చుకోలేదు. తర్వాత సొంత తోట వైన్‌ను అదే పేరుతో అమ్మారు.

1948లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ప్రాణం మీదికి వచ్చింది. అప్పట్లో సీటు బెల్టులు లేవు. కారు అదుపు తప్పితే డ్రైవరు ఎగిరి రోడ్డు మీద పడాల్సిందే. త్రాంతిన్యాన్ అలాగే పడ్డారు. వెనక వస్తున్నవాళ్లు ఆయనను తప్పించబోయి తామూ ప్రమాదంలో పడ్డారు. ఆయన రోజుల తరబడి కోమాలో ఉన్నారు. ఒక దశలో డాక్టర్లు ఆశ వదిలేశారు. అదే పోటీల్లో ఇటలీ మేటి డ్రైవర్ అకీలే వార్జీ ప్రాక్టీసులో మరణించారు. మరుసటి ఏడాదికల్లా త్రాంతిన్యాన్ మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నారు.

అప్పటి కార్లలో గేరు తొందరపడి మారిస్తే పళ్లు అరిగేవి, బ్రేకు అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు పోయేది. రేసు మొదలుపెట్టిన కార్లలో సగం చివరిదాకా మిగలకపోవడం మామూలే. అలాంటి రోజుల్లో యంత్రాన్ని నొప్పించకుండా నడపడం పిరికితనం కాదు, అదే అసలైన విద్య. అందులో త్రాంతిన్యాన్ దిట్ట.

1955 మే 22న మొనాకోలో ఆ విద్య ఫలించింది. ఇరుకు వీధుల్లో వంద ల్యాపులు. తొమ్మిదో స్థానం నుంచి బయల్దేరిన ఆయనను లెక్కలోకి తీసుకున్నవాళ్లు తక్కువ. మెర్సిడెస్ కార్లలో ఫాంజియో, మాస్ దూసుకుపోతున్నారు. సగం దూరంలో ఫాంజియో కారు ఆగింది. ఎనభై ల్యాపులు దాటాక మాస్ ఇంజిన్ పొగలు కక్కింది. ఇక ఆధిక్యం అందబోతున్న ఆల్బెర్తో అస్కారి, కారుతో సహా సముద్రంలో పడ్డారు. ఈదుకుంటూ బయటపడ్డారు గానీ, నాలుగు రోజులకే మోంజాలో మరో కారు నడుపుతూ చనిపోయారు. మొనాకోలో ముందు మిగిలింది త్రాంతిన్యాన్ ఫెరారీ. ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు గెలిచిన తొలి ఫ్రెంచ్ డ్రైవర్ ఆయనే. దీన్ని అదృష్టం అని తేల్చేయడం అన్యాయం. మిగతావారి కార్లు నిలవని చోట ఆయన కారు నిలిచింది మరి.

సందేహం ఉన్నవారికి జవాబు మూడేళ్లకు అదే వీధుల్లో దొరికింది. 1958లో రాబ్ వాకర్ సొంత జట్టు తరఫున, ఇంజిన్ వెనక ఉండే చిన్న కూపర్ కారులో ఆయన మొనాకోను మళ్లీ గెలిచారు. రెండో స్థానంలో వచ్చిన లూయీజీ ముస్సో రెండు నెలలు తిరక్కుండానే రీమ్స్‌లో మరణించారు. ఫ్రాన్స్‌కు మళ్లీ అలాంటి గెలుపు దక్కింది 1971లో, ఫ్రాంస్వా సెవేర్ చేతుల మీదుగా.

స్పోర్ట్స్ కార్లనూ ఆయన వదల్లేదు. 1956లో స్వీడన్‌లో ఫిల్ హిల్‌తో కలిసి గెలిచారు. 1959 లె మాన్స్‌లో పాల్ ఫ్రేర్‌తో ఆస్టన్ మార్టిన్ నడిపి రెండో స్థానం తెచ్చుకున్నారు. ఒకపక్క రేసులు సాగుతుండగానే, పెరియే నీళ్ల ఊట ఉన్న వెర్జెజ్ ఊరికి మేయర్ కూడా అయ్యారు. ఆయన అన్న కొడుకే ప్రసిద్ధ నటుడు జాన్ లూయీ త్రాంతిన్యాన్. 1966లో వచ్చిన ‘ఎ మ్యాన్ అండ్ ఎ ఉమన్’ సినిమాలో రేసింగ్ డ్రైవర్ పాత్ర వేశారు.

1964లో ఫార్ములా వన్‌కూ, ఏడాది తర్వాత లె మాన్స్‌కూ సెలవు చెప్పేనాటికి మోరిస్ వయసు యాభైకి దగ్గరవుతోంది. మిగిలిన కాలమంతా ద్రాక్షతోటలదే. 2005 ఫిబ్రవరి 13న, 87 ఏళ్ల వయసులో నీమ్‌లో కన్నుమూశారు.